‘ర్యాంక్ ఎంత?’ అనే మాటవరస ప్రశ్న

పీహెచ్‌డీలో చేరకముందు రెండేళ్లు మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేశాను. చేరిన మొదటి వారమే క్యాంటీన్‌లో పక్క టీమ్ అన్న ఒకాయన పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు: "ఎంసెట్‌లో ర్యాంక్ ఎంత తమ్ముడూ?" చెప్పాను. "ఆ ర్యాంక్‌కి ఆ కాలేజీలో సీటెట్లా వచ్చింది?" అన్నాడు. జవాబు ఆయనకు ముందే తెలుసు. ఆ ప్రశ్నతో టేబుల్ దగ్గరున్న మిగతా నలుగురికీ తెలిసింది. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. మర్నాడు ఆయనే నాకు టీ ఇప్పించాడు కూడా. కాకపోతే ఆ తర్వాత నుంచి నేను రాసిన బగ్ రిపోర్టుల్ని ఇంకెవరో ఒకరు రెండోసారి సరిచూడడం మొదలైంది. నాతోపాటు చేరిన ఇద్దరివి ఎవరూ చూడలేదు.

దీన్ని ఫిర్యాదుగా రాయాలంటే ఏమని రాయాలి? తిట్టలేదు, కొట్టలేదు, కులం పేరు కూడా ఎత్తలేదు. మాటవరసకు ఒక ప్రశ్న అడిగాడు, అంతే. సాఫ్ట్‌వేర్ రంగంలో కులం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ పెరుగన్నం గిన్నె గుర్తొస్తుంది. ఈ రంగంలో కులం రాతకోతల్లో దొరకదు, మాటవరస మాటల్లో దొరుకుతుంది. నియమాలన్నీ రాతలో ఉన్నదాన్నే పట్టుకుంటాయి.

టెక్నాలజీ మనుషులు మామూలుగా చెప్పే అభిప్రాయాలు అందరికీ తెలిసినవే. కోడ్‌కి కులం లేదు. కంప్యూటర్‌కి నీ ఇంటిపేరుతో పనేంటి? ఇక్కడ టాలెంట్ ఒక్కటే చూస్తారు. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. కంపైలర్ ఎవరి కులమూ అడగదు. సెమికోలన్ మర్చిపోతే ఎవరికైనా ఒకే ఎర్రర్ చూపిస్తుంది. మా ఊరి మాలపల్లి నుంచి వచ్చిన నాకు అది నిజంగానే పెద్ద ఊరట. కానీ ఆ కోడ్‌ని ఎవరు రివ్యూ చేస్తారు, ఏ ప్రాజెక్టులో వేస్తారు, ఆన్‌సైట్‌కి ఎవర్ని పంపుతారు, రిఫరల్ ఎవరికి ఇస్తారు అన్నవి కంపైలర్ చేతిలో లేవు.

అమెరికాలో సిస్కో కేసు కూడా ఇట్లాంటి మాటతోనే మొదలైంది. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో మీదా, ఇద్దరు భారతీయ మూలాలున్న మేనేజర్ల మీదా కేసు వేసింది. బాధితుడు ఐఐటీలో చదివిన దళిత ఇంజినీర్. కోర్టు కాగితాల్లో ఆయన పేరు జాన్ డో. ఫిర్యాదు ప్రకారం 2016లో ఆయన పై అధికారి తోటి ఉద్యోగులతో, ఇతను షెడ్యూల్డ్ కులం వాడనీ రిజర్వేషన్ మీద ఐఐటీలో సీటు తెచ్చుకున్నాడనీ చెప్పాడు. ఆ మాట తిరిగి తిరిగి ఆయన చెవిన పడింది. ఆయన వెళ్లి నిలదీశాడు. అధికారి తాను అనలేదన్నాడు. ఆయన హెచ్‌ఆర్‌కి వెళ్లాడు. తర్వాత తన బాధ్యతలు తగ్గించారనీ, పనిలో ఒంటరిని చేశారనీ ఆయన ఆరోపణ. కంపెనీ లోపల విచారణ చేసినవాళ్లు కుల వివక్ష చట్టవిరుద్ధం కాదన్నారని కూడా ఆ ఫిర్యాదులో ఉంది. సిస్కో ఆరోపణలన్నిటినీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసును రాష్ట్ర విభాగమే ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కొనసాగించింది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. నాకు ముఖ్యమనిపించింది వేరే. ఐఐటీ సీటు వచ్చి ఏళ్లు గడిచాక, సముద్రాలు దాటి, ప్రిన్సిపల్ ఇంజినీర్ హోదాకి చేరాక కూడా ఒక దళితుడి గురించి చెప్పుకునే ముచ్చట ‘ఏ లిస్టులో సీటొచ్చింది’ అన్నదే.

ఆ ముచ్చట ఎక్కడ నేర్చుకున్నారో వెతుక్కోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 12న ఐఐటీ బొంబాయిలో దర్శన్ సోలంకి అనే మొదటి సంవత్సరం దళిత విద్యార్థి చనిపోయాడు. తోటి విద్యార్థుల కుల వివక్షే కారణమని కుటుంబం చెప్పింది. ఆ సంస్థ వేసిన కమిటీ ఒప్పుకోలేదు. కానీ అదే సంవత్సరం జూలైలో అదే సంస్థ విద్యార్థులకు ఒక సూచన చేసింది: తోటివాళ్ల జేఈఈ ర్యాంకు, గేట్ స్కోరు, కులం బయటపడే ఇంకే వివరమైనా అడగడం తగదు అని. దీన్ని మనం జాగ్రత్తగా చదవాలి. ర్యాంకు అడగడం అంటే కులం అడగడమేనని, ఆ ప్రశ్నకు ఎన్నో ఏళ్లుగా నిలయమైన సంస్థే రాతపూర్వకంగా ఒప్పుకుంది. క్యాంటీన్‌లో నన్నడిగిన అన్నకి ఈ సంగతి తెలుసో లేదో.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేసి రాస్తే మన వాదనే బలహీనపడుతుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో కుల వివక్ష మీద సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఒకే రకం చదువున్న దరఖాస్తుల్ని వేర్వేరు పేర్లతో పంపి చూశారు. ఉన్నత కులాన్ని సూచించే హిందూ పేరుతో పోల్చితే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67 దగ్గర ఆగిపోయింది. దీన్ని మనం తరచూ ఉటంకిస్తాం. అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్‌ట్రాండ్, సౌగతో దత్తా, సెంథిల్ ముల్లైనాథన్ ఢిల్లీ పరిసరాల్లో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనాన్ని మాత్రం ఉటంకించం. అదీ అదే పద్ధతి. అందులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పిలుపుల్లో కుల వివక్ష కనబడలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో కనబడింది.

‘చూశారా, సాఫ్ట్‌వేర్‌లో కులం లేదు’ అంటారు కొందరు దీన్ని పట్టుకుని. ఆ అధ్యయనం చూసింది తలుపు దగ్గర ఏం జరుగుతుందన్నది. రెజ్యూమెలో సి++, జావా రాసి ఉంటే పిలుస్తారు, సరే. పిలిచాక ఏమవుతుంది? 2007లోనే సురీందర్ జోధ్కా, క్యాథరీన్ న్యూమన్ కంపెనీల హెచ్‌ఆర్ అధికారుల్ని కలిసి మాట్లాడారు. అందరూ మెరిట్ తప్ప ఇంకేమీ చూడం అన్నారు. అందులో చాలామంది ఇంటర్వ్యూల్లో ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతామనీ చెప్పారు. నాన్న ఏం చేస్తాడు, ఏ ఊరు, అన్నదమ్ములు ఏం చదివారు. అది కులం అడగడమని వాళ్లకు తోచలేదు. నిజంగానే తోచలేదని నా నమ్మకం. మాటవరస ప్రశ్నకున్న బలమే అది. అడిగేవాడికి కూడా తాను ఏమడుగుతున్నాడో తెలియనక్కర్లేదు.

తెలుగువాళ్ల దగ్గర దీనికి ఒక ముద్దుపేరుంది. ‘మనోళ్లేనా?’ హైటెక్ సిటీలో వినండి, డల్లాస్‌లో వినండి. ఇంటిపేరు అడుగుతారు, తేలకపోతే ఊరు, ఇంకా తేలకపోతే అమ్మ వాళ్ల ఇంటిపేరు. తేలాక ‘మనోడే’ అన్న మాటతో ఒక రిఫరల్, ఒక రూమ్, ఒక హెచ్‌1బీ సలహా. అమెరికాలో తెలుగు సంఘాలు ఎన్ని ముక్కలయ్యాయో, ఆ ముక్కల మధ్య గీత ఎక్కడ పడిందో తెలుగు పాఠకులకు నేను వేరే చెప్పాలా? ‘మనోళ్లు’ అన్నది ప్రేమగా అనే మాట, నిజమే. ఆ ప్రేమ ఎక్కడ ఆగిపోతుందన్నదే ప్రశ్న. 2020లో కార్నెగీ సంస్థ అమెరికాలోని భారతీయుల మీద చేసిన సర్వేలో కుల వివక్ష ఎదురైందన్నవారు 5 శాతమే. దీన్ని చూపించి సమస్య చిన్నదంటారు. కానీ అదే సర్వేలో, కులం చెప్పుకున్న హిందువుల్లో 83 శాతం తాము జనరల్ లేదా ఉన్నత కులం అన్నారు. అట్లాంటి గుంపులో 5 శాతం అంటే చిన్నదా, పెద్దదా?

సాఫ్ట్‌వేర్ లోకం మాటల్ని పట్టించుకోదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ లోకం మాటల్ని చాలా శ్రద్ధగా పట్టించుకోగలదు. ఒక యంత్రం ఆజ్ఞ ఇస్తే ఇంకోటి పాటించే ఏర్పాటుకు దశాబ్దాలుగా ‘మాస్టర్’, ‘స్లేవ్’ అని పేర్లు. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత 2020లో ఆ పేర్లు నల్లజాతివాళ్ల బానిసత్వాన్ని మామూలు మాటగా మారుస్తున్నాయన్న వాదన బలపడింది. పైథాన్ 2018లోనే వాటిని వదిలేయడం మొదలుపెట్టింది. లైనక్స్ కెర్నల్ 2020 జూలైలో కొత్త కోడ్‌లో ఆ పదాలు వాడొద్దంది. గిట్‌హబ్ 2020 అక్టోబర్ 1 నుంచి కొత్త ప్రాజెక్టుల మొదటి శాఖకు ‘మాస్టర్’ బదులు ‘మెయిన్’ అని పేరు పెట్టింది. మంచి పని. పేరు మార్చితే జాత్యహంకారం పోతుందా అని వెక్కిరించినవాళ్లున్నారు, వాళ్లతో నేను లేను.

తారీఖులు చూడండి. సిస్కో కేసు పడింది కూడా ఆ వేసవిలోనే. కేసు వార్త బయటికొచ్చిన కొద్ది వారాల్లో 250 మందికి పైగా టెక్ ఉద్యోగులు ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే దళిత హక్కుల సంస్థకు తమ అనుభవాలు చెప్పుకున్నారు. గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, సిస్కో వంటి కంపెనీల్లో పనిచేసే 30 మంది దళిత మహిళా ఇంజినీర్లు పేర్లు బయటపెట్టకుండా ఒక ప్రకటన ఇచ్చారు. ఒక యంత్రం పేరు మార్చడానికి అంత చర్చ చేసిన పరిశ్రమ ఈ మనుషుల మాట విన్నప్పుడు ఎక్కువచోట్ల నోరు మెదపలేదు. ఏమీ జరగలేదని కాదు. యాపిల్ తన ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో కులం అన్న మాట చేర్చింది. ఐబీఎం కూడా చేర్చింది. (ఇంగ్లీషు టెక్ పత్రికల్లో వెలివేయబడ్డవాడు అనే అర్థంలో ‘పరయా’ అనే పదం ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. అది తమిళనాట ఒక దళిత కులం పేరు. దాన్ని మార్చాలని ఏ ప్రాజెక్టూ ప్రతిపాదించినట్టు నాకు కనబడలేదు.)

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఒక కాగితం ఉంటుంది, చాలామంది చదవకుండానే దాటేస్తారు. కోడ్ ఆఫ్ కండక్ట్ అంటారు. ఇక్కడ ఎవరు ఎవరితో ఎట్లా మెలగాలి, తప్పితే ఏం చేస్తారు అన్నది రాసుకునే కాగితం. కొరలైన్ అడా ఎమ్‌కే 2014లో రాసిన ‘కంట్రిబ్యూటర్ కవనెంట్’ అనే నమూనానే వేలాది ప్రాజెక్టులు వాడుకుంటున్నాయి. ఎవర్నీ జాతి, మతం, లింగం, వైకల్యం, వయసు ఆధారంగా తక్కువ చేయకూడదని అందులో ఒక జాబితా ఉంటుంది. 1.4 రూపంలో కులం లేదు. 2.0లోనూ లేదు. 2021లో వచ్చిన 2.1లో ‘కులం’ చేరింది. అదే ఏడాది వికీమీడియా ఫౌండేషన్ ఆమోదించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిలో కూడా, ఎవర్నీ ఏ ఆధారంగా అవమానించకూడదో చెప్పే జాబితాలో కులం ఉంది. అంటే తెలుగు వికీపీడియాకూ అది వర్తిస్తుంది. లైనక్స్ కెర్నల్ 2018లో తీసుకున్న నియమావళికి ఆధారం 1.4 రూపం.

ఒక్క పదం కదా, అంత పట్టింపు ఎందుకు అనొచ్చు. సిస్కో ఫిర్యాదు మళ్లీ చదవండి. ఆ ఇంజినీర్ హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎదురైంది ఆ పదం లేకపోవడమే. జాబితాలో లేనిదాని మీద విచారణ లేదు, విచారణ లేనిదానికి రికార్డు లేదు. రికార్డు లేకపోతే ‘మా దగ్గర అట్లాంటి ఫిర్యాదే రాలేదు’ అని ధైర్యంగా చెప్పొచ్చు.

పోనీ ఆ పదం గట్టిగా పలికితే ఏమవుతుంది? రెండు సంఘటనలు చెప్తాను. 2018 నవంబర్‌లో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ మన దేశానికి వచ్చి కొందరు మహిళల్ని కలిశాడు. వాళ్లలో మన తెలుగు దళిత కార్యకర్త సంఘపాలి అరుణ ఉన్నారు. ట్విటర్‌లో దళిత స్త్రీలు పడే వేధింపుల గురించి చెప్పడానికి వెళ్లారామె. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని కూలదోయమనే పోస్టర్ ఒకటి ఇచ్చారు. డోర్సీ అది పట్టుకున్న ఫొటో బయటికి రాగానే గోల మొదలైంది. ట్విటర్ తరఫున క్షమాపణ చెప్పింది హైదరాబాద్‌లో పుట్టిన విజయ గద్దె. ఆ పోస్టర్ తమ అభిప్రాయం కాదన్నారు. అరుణ చెప్పుకున్న వేధింపుల సంగతి ఆ గోలలో కొట్టుకుపోయింది. 

రెండోది 2022 ఏప్రిల్. గూగుల్ న్యూస్ విభాగంలో సీనియర్ మేనేజర్ తనూజా గుప్తా దళిత చరిత్ర మాసం సందర్భంగా ఈక్వాలిటీ ల్యాబ్స్ వ్యవస్థాపకురాలు తేన్మొళి సౌందరరాజన్‌ని ప్రసంగానికి పిలిచారు. కొందరు ఉద్యోగులు ఆమెను హిందూ వ్యతిరేకి అంటూ అధికారులకు ఈమెయిళ్లు రాశారు. ప్రసంగం రద్దయింది. అది ఉద్యోగుల మధ్య చీలిక తెస్తోందని కంపెనీ వివరణ. తనూజా గుప్తా రాజీనామా చేశారు. ర్యాంకు అడిగినప్పుడు రాని చీలిక, ర్యాంకు ఎందుకు అడుగుతున్నారని అడిగితే వచ్చింది.

చట్టాల దగ్గరా ఇదే తంతు. 2023 ఫిబ్రవరి 21న క్షమా సావంత్ ప్రతిపాదన మీద సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో అదే మొదటి నగరం. అదే ఏడాది ఆయిషా వహాబ్ తెచ్చిన ఎస్‌బీ 403 బిల్లును కాలిఫోర్నియా ఉభయ సభలూ ఆమోదించాయి. అక్టోబర్ 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశాడు. ఉన్న చట్టాల్లోనే కుల వివక్ష నిషేధం ఉంది కాబట్టి ఈ బిల్లు అనవసరమన్నాడు. ఉందో లేదో సిస్కో ఇంజినీర్‌కు ఆయన చెప్పి ఉంటే బాగుండేది.

అమెరికాను ఆడిపోసుకోవడం తేలిక. ఇక్కడ మన సంగతేంటి? 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. కుల వేధింపులకు ప్రైవేటు కంపెనీల్లో అట్లాంటి కమిటీ పెట్టాలనే చట్టం లేదు. మిగిలింది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దాని కింద అవమానం నేరం కావాలంటే అది ప్రజల కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందకి రాదని 2020 నవంబర్‌లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. క్యాంటీన్ టేబుల్ ఏ గోడల మధ్య ఉన్నట్టు? పైగా చట్టం పట్టుకునేది ఉద్దేశపూర్వక అవమానాన్ని. ‘ర్యాంక్ ఎంత తమ్ముడూ’లో ఉద్దేశం ఎట్లా నిరూపించాలి?

ఆన్‌లైన్ విషయంలో మాత్రం కొంచెం దారి దొరికింది. యూట్యూబ్‌లో పెట్టిన ఒక వీడియో కేసులో 2022 జూలైలో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్‌లో పెట్టిన అవమానకరమైన మాటను బాధితులు చూసిన ప్రతిసారీ అది వారి ఎదుట జరిగినట్టేనంది. మన విద్యార్థులు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి ఊరుకోవద్దు. లింకు, తేదీ, సమయం, అకౌంట్ పేరు కలిపి దాచండి, అసలు పోస్టు తీసేయకముందే ఇంకొకరితో కూడా తెరిపించి చూపించండి.

ఫేస్‌బుక్ నియమాల్లో కులం ఉంది కదా అంటారు. ఉంది. కానీ తెలుగులో కులదూషణ ఎట్లా వస్తుందో మనకు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, మధ్యలో ఒక అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెడతారు. లేదంటే కులం ఊసే లేకుండా ‘కోటా’, ‘ఫ్రీ సీటు’, ‘అల్లుడు’ అంటారు. ప్రభుత్వ అల్లుడు అని పూర్తిగా రాయరు, అందరికీ తెలుసు కాబట్టి. దాన్ని చదివి పట్టుకోవాలంటే తెలుగు వస్తే చాలదు, ఆ నవ్వు ఎవరి మీదో తెలిసిన మనిషి కావాలి.

మా క్యాంపస్‌లో జూనియర్లు నడిపే ఒక కోడింగ్ క్లబ్ ఉంది. దాని నియమాల కాగితం పాత నమూనా నుంచి తెచ్చుకున్నదే. పోయిన సెమిస్టర్‌లో ఇంజినీరింగ్ చదివి వచ్చిన ఒక చెల్లి దాన్ని 2.1 రూపానికి మార్చమని మార్పు పంపింది. కింద తెలుగులో ఒక వాక్యం తనే కలిపింది: ఎంట్రన్స్ ర్యాంకు, కేటగిరీ, ఇంటిపేరు ఎవర్నీ అడగొద్దు. రెండు రోజుల్లో నలభైకి పైగా వ్యాఖ్యలు వచ్చాయి. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. ‘మన క్లబ్‌లో కులం ఎక్కడుంది?’ అన్నారు కొందరు. ‘ఇంటిపేరు అడగకపోతే సర్టిఫికెట్ మీద పేరెట్లా వేస్తాం?’ అని ఒకరి సందేహం. ఒకరు మాత్రం ఆ చెల్లిని, ‘ఇంతకీ నీ ర్యాంక్ ఎంత?’ అని అడిగి, పక్కన నవ్వు బొమ్మ పెట్టారు.

నేనిది రాసే రోజుకి ఆ మార్పు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.